దిద్దానే గానీ చదవలేదన్నాను

ముంబై పక్కన మా భివండీలో ఇంగ్లీషు చెప్పే పనికి కొత్తగా వచ్చేవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. నా గొప్పలు వినాలని ఎవరైనా కూర్చుంటే ఇప్పుడే లేచి వెళ్ళొచ్చు. శాంతి నగర్‌లో ఒక తెలుగు బడిలో ముప్పై ఏళ్ళకు పైగా ఇంగ్లీషు చెప్పి ఈమధ్యే రిటైరయ్యాను. శాలువా కప్పారు, దండ వేశారు, నాలుగు మంచి మాటలన్నారు. వాటిలో ఒక మాట నా చెంప మీద కొట్టినట్టు తగిలింది. ఎందుకు తగిలిందో చెప్పాలంటే ముందు మీకు నా పాఠం గురించి చెప్పాలి.

మన పిల్లలు ఎక్కడ తడబడతారు

ఎనిమిదో తరగతిలో ఒక పాఠం వస్తుంది. వెన్, బిఫోర్, ఆఫ్టర్, అంటిల్, ఆజ్ సూన్ ఆజ్. ఒక పని జరిగినప్పుడు, జరిగే ముందు, జరిగాక, జరిగేదాకా, జరగ్గానే ఇంకో పని ఏమవుతుందో చెప్పే మాటలు. రేపటి సంగతి చెప్తున్నా సరే, ఈ మాటల వెంట వచ్చే క్రియకు విల్ తగిలించకూడదు. విల్ రెండో ముక్కలోనే ఉండాలి. ‘వెన్ మై ఫాదర్ కమ్స్, ఐ విల్ ఈట్’ అనాలి గానీ ‘విల్ కమ్’ అనకూడదు. ఇంతే పాఠం. ఈ ఇంతే పాఠానికి నేను ఎన్ని బెత్తాలు విరిచానో లెక్కలేదు.

మన పిల్లలు రెండు ముక్కల్లోనూ విల్ పెడతారు. అంటిల్ దగ్గరికి వచ్చేసరికి ఇంకో తంటా. వీధిలో రోజంతా హిందీయే కదా, ‘జబ్ తక్ లైట్ నహీ ఆతీ’, అంటే లైట్ రానంతవరకు, అన్న అలవాటుతో ‘అంటిల్ లైట్ విల్ నాట్ కమ్’ అని రాస్తారు. నేను ఇది మొద్దుతనం అనుకునేవాణ్ణి. సగం సర్వీసు అయ్యాక తట్టింది, తెలివి వాళ్ళకు లేక కాదు, నాకు లేక అని. మన తెలుగే ఈ పాఠం చెప్తుంది. ‘రేపు నాయన వచ్చినంక తింట’ అంటాం. వచ్చేది రేపు, అయినా ‘వస్తడు’ అనం, ‘వచ్చినంక’ అనే అంటాం. ఇంట్లో మీ అమ్మ ఎట్లా అంటుందో చెప్పండ్రా అని అడిగి, దాని పక్కన ఇంగ్లీషు రాస్తే ఒక్క పీరియడ్‌లో ఎక్కుతుంది. మీరు అట్లాగే చెప్పండి. నేను చాలా ఏళ్ళు అట్లా చెప్పలేదు. వెక్కిరించి చెప్పాను.

నాకొక పాత జోకు ఉండేది. ఎవరైనా రెండు విల్‌లు పెడితే నిలబెట్టి, “ఏందిరా, రెండు విల్లులు పట్టుకొచ్చినవ్? ఎవలమీదికి యుద్ధానికి?” అనేవాణ్ణి. క్లాసంతా పగలబడి నవ్వేది. నవ్వితే పాఠం బాగా నడుస్తోందని నా పిచ్చి నమ్మకం.

పెద్దసారు ఎర్ర ఇంకు

నేను చేరిన కొత్తలో ఉన్న హెడ్మాస్టర్‌ని అందరం పెద్దసారు అనేవాళ్ళం. మంచివాడే, తల్లిదండ్రులతో నిలబడి మాట్లాడేవాడు, ఏ పిల్ల బడి మానినా ఇంటికి వెళ్ళి తలుపు కొట్టేవాడు. కానీ నోటుబుక్కుల విషయంలో ఆయనదొక చాదస్తం. నెలాఖరుకు పుస్తకాలు తెప్పించుకుని పేజీలు తిప్పేవాడు. లోపల రాసింది చదివేవాడు కాదు, ఎరుపు ఎంత ఉందో చూసేవాడు.

“పేజీల ఎరుపు కనవడాలె సారూ. లేకపోతే మీరు దిద్దలేదన్నట్టే,” అనేవాడు.

నాకది బాగా నచ్చింది. తప్పు దొరికిన చోట సున్నా చుట్టడం, పైన ఒప్పు రాయడం, కింద సంతకం, తేదీ. అరవై పుస్తకాలు ఒక్క పూటలో అయిపోయేవి. పిల్లలు ఏం చెప్తున్నారో పట్టించుకుంటే పది కూడా కావు. ఒకడు ‘మా తమ్ముడు చనిపోయాక మేము ఊరికి పోయాము’ అని రాస్తే, హ్యాడ్ మర్చిపోయాడని సున్నా చుట్టి ఇచ్చేసిన ఘనుణ్ణి నేను. వాడి తమ్ముడు నిజంగానే పోయాడని తర్వాత స్టాఫ్ రూములో ఎవరో అంటే విన్నాను. అప్పుడు కూడా అయ్యో అనుకుని టీ తాగాను.

బావ గాలా

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. మా పెద్దక్క మొగుడు, మా బావ, శాంతి నగర్‌లో మగ్గాల సేఠు. ఒక గాలా, అంటే మగ్గాల షెడ్డు, అందులో పవర్‌లూములు. సిరిసిల్ల దిక్కు నుంచి నన్ను పదేళ్ళప్పుడు తెచ్చుకుని, తన ఇంట్లో పెట్టుకుని, డిగ్రీ దాకా చదివించింది ఆయనే. పెళ్ళయ్యాక కూడా నేనుండేది ఆయన గాలా మీది గదిలోనే. ఈ మాట సాకుగా చెప్పడం లేదు. కానీ చెప్పకపోతే మిగిలింది మీకు అర్థం కాదు.

మా దగ్గర కరెంటును లైట్ అంటారు. లైట్ పోతే మగ్గాలన్నీ ఒక్కసారిగా ఆగిపోతాయి. నియమం ప్రకారం ప్రతి మగ్గానికీ హ్యాండిల్ దించాలి. దించితే లైట్ వచ్చినా మగ్గం దానంతటది కదలదు. మా వాళ్ళు దించరు. మగ్గం నడిపేవాళ్ళు నాకా మీద, అంటే కూడలిలో, టీ హోటల్‌కు పోయి కూర్చుంటారు. లైట్ రాగానే మగ్గాలు వాటంతటవే టకటకమని మొదలవుతాయి, ఆ చప్పుడు విని పరుగెత్తుకొస్తారు. లైట్ వచ్చిందని చెప్పడానికి మనిషి అక్కర్లేదు, మగ్గమే పిలుస్తుంది. ఇందులో తెలివి ఉందని అందరూ అనుకునేవాళ్ళు. బావ కూడా. నేను కూడా.

ఇంకో అలవాటు. లైట్ లేని ఆ కాసేపట్లో కండెలు చుట్టే ఆడవాళ్ళు మగ్గాల కింద దూరి, చక్రాల మధ్య నూనెతో ముద్దకట్టిన దూది పొట్టు గోకి తీయాలి. మగ్గం నడుస్తుంటే ఆ పని కుదరదు కదా. ఆగినప్పుడే చెయ్యాలి. చెయ్యమని ప్రత్యేకంగా ఎవరూ చెప్పరు. చెయ్యకపోతే మాత్రం అడుగుతారు.

రాజవ్వ ఆ గాలాలో కండెలు చుట్టేది. ఊళ్ళో గుంటెడు భూమి లేక మొగుడితో వలస వచ్చింది, ఆ మొగుడు రెండేళ్ళకే జ్వరంతో పోయాడు. ఆమె కూతురు రేణుక నా ఎనిమిదో తరగతిలో ఉండేది. మూడో బెంచీ, కిటికీ పక్కన.

ఆ పేజీ

పాఠం అయ్యాక ఇంటిపని ఇచ్చాను. ‘మీ ఇంట్లో, మీ వీధిలో రోజూ జరిగేవి నాలుగు వాక్యాలు రాయండి. వెన్, బిఫోర్, అంటిల్, ఆజ్ సూన్ ఆజ్ నాలుగూ రావాలి.’ రేణుక రాసింది ఇది:

వెన్ లైట్ గోస్, నోబడీ పుట్స్ హ్యాండిల్ డౌన్.
అంటిల్ లైట్ విల్ నాట్ కమ్, మై మదర్ క్లీన్స్ ఇన్‌సైడ్ మెషిన్.
ఆజ్ సూన్ ఆజ్ లైట్ విల్ కమ్, ఆల్ మెషిన్స్ విల్ స్టార్ట్.
బిఫోర్ లైట్ విల్ కమ్, మై మదర్ విల్ టేక్ హర్ హ్యాండ్ అవుట్.

లైట్ పోతే ఎవరూ హ్యాండిల్ దించరు, లైట్ వచ్చేదాకా మా అమ్మ మిషన్ లోపల సాఫు చేస్తుంది, లైట్ రాగానే అన్ని మిషన్లూ మొదలవుతాయి, అది వచ్చేలోగా మా అమ్మ చెయ్యి తీసేసుకుంటుంది. పద్నాలుగేళ్ళ పిల్ల రాసింది. ఎంత చక్కగా రాసిందో చూడండి.

నేను మూడు సున్నాలు చుట్టాను. నాట్ కొట్టేశాను. పైన ఒప్పులు రాశాను. సంతకం పెట్టి తేదీ వేశాను. మర్నాడు క్లాసులో ఆమెనే నిలబెట్టి మూడో వాక్యం గట్టిగా చదివించి, “చూసిండ్రారా, రెండు విల్లుల రేణుక!” అన్నాను. ఆ పేరు ఆమెకు అంటుకుంది. పిల్లలు మెట్ల మీద కూడా అట్లాగే పిలిచేవారు. ఆమె తల వంచుకుని నడిచేది.

ఎనిమిది రోజులు గడిచాయి. ఒక మధ్యాహ్నం లైట్ పోయింది. మగవాళ్ళు టీకి పోయారు. రాజవ్వ మగ్గం కింద దూరింది. లైట్ వచ్చింది. కుడిచేతి నాలుగు వేళ్ళు పోయాయి, బొటనవేలు ఒక్కటి మిగిలింది.

ఇన్‌స్పెక్షన్‌కు పోయిన పుస్తకాలు

సర్కారు మనిషి ఒకడు విచారణకు వస్తున్నాడని తెలియగానే గాలాలో అందరి నోటా ఒకటే మాట తయారైంది: మగ్గం నడుస్తుంటే రాజవ్వే చెయ్యి పెట్టింది. సేఠును కాదని చెప్పే ధైర్యం ఎవరికుంది? బావ నా ముందే అన్నాడు:

“నడుస్తున్న మగ్గంల చెయ్యి పెట్టుమని ఎవడన్నడు? గామె సోయి లేకుండ పెట్టింది, నా పానం మీదికి తెచ్చింది.”

మా అక్క వంటింట్లోంచి, “గట్లనకుండ్రి, ఆడిమనిషి చెయ్యి పోయింది,” అంది. నేను దొంగకు తేలు కుట్టినట్టు కూర్చున్నాను.

మర్నాడు రేణుక స్టాఫ్ రూము గుమ్మం దగ్గర నిలబడింది. ఏడవడం లేదు. అది ఇంకా కష్టంగా ఉండింది.

“సార్, నా ఇంగ్లిష్ నోట్‌బుక్ మీకాడున్నది.”

“ఎందుకు బిడ్డా?”

“అండ్ల రాసిన సార్. హ్యాండిల్ దించరని. మా అమ్మకు ఆదత్ లేదు సార్, నడిచేటప్పుడు చెయ్యి పెట్టుడు. మీ సైన్ ఉన్నది, తారీఖు సుదా ఉన్నది. ఆ సాహెబ్‌కు చూపిస్త. అమ్మ తప్పు కాదని తెలుస్తది.”

ఆ వారం దిద్దడానికి తెచ్చుకున్న పుస్తకాలతో పాటు ఆమెది నా సంచీలో ఉంది. సంచీ నా కుర్చీ కిందే ఉంది. కాలితో దాన్ని వెనక్కి జరిపాను.

“నోట్‌బుక్కులన్నీ ఇన్‌స్పెక్షన్‌కు పోయినయ్ బిడ్డా. వచ్చినంక ఇస్త,” అన్నాను.

వచ్చినంక ఇస్త. ఎంత ఒప్పు వాక్యమో. ఒక్క సున్నా చుట్టే పని లేదు.

ఆమె నమ్మింది. సారు అబద్ధం చెప్తాడని ఆ వయసులో ఎవరనుకుంటారు? రెండు రోజులు వచ్చి అడిగింది, మూడో రోజు రాలేదు. ఆ సాహెబ్ వచ్చి, నలుగురినీ అడిగి, ఆమె అజాగ్రత్త వల్లే జరిగిందని రాసుకుపోయాడు. బావ నన్ను ఒక్క మాట అడగలేదు. నోటుబుక్కు సంగతి ఆయనకు తెలియనే తెలియదు. నన్ను దాచమన్న వాడు లేడు. నేనే దాచాను.

రాజవ్వను గాలాకు రావద్దన్నారు. వీధిలో ఆమెకు ‘చెయ్యి పెట్టినామె’ అని పేరొచ్చింది. ఎవరైనా ఆడపిల్ల పనిలో పరాకుగా ఉంటే, “రాజవ్వ లెక్క చేస్తవా ఏంది?” అని తిట్టేవాళ్ళు. రేణుక బడి మానేసి ఇంకో వీధిలో కండెల మిషన్ మీద కూర్చుంది. పెద్దసారు మామూలుగానే వాళ్ళ తలుపు కొట్టి వచ్చాడు. వచ్చి నాతో, “మంచిగ రాసే పిల్ల సారూ, మీ సబ్జెక్టుల,” అన్నాడు. అవునన్నాను.

నాకు వచ్చిన మంచి పేరు

ఆ తర్వాత నేను మారాను. మారానని చెప్పుకోవడానికి కూడా నోరు రాదు, కానీ మీకు పనికొస్తుంది కనుక చెప్తున్నాను. బెత్తం మానేశాను. జోకు మానేశాను. పిల్లలు రాసిన ప్రతి వాక్యానికీ ముందు జవాబు రాయడం మొదలుపెట్టాను. ‘మీ అమ్మమ్మకు ఇప్పుడెట్లుంది?’ ‘ఆ కుక్క ఎవరిది?’ అది రాశాకే తప్పు దిద్దేది. ఒక్కో పుస్తకానికి పది నిమిషాలు పట్టేది. పిల్లలు పేజీలు పేజీలు రాసేవారు. ఎవరో వింటున్నారని తెలిస్తే భాష దానంతటదే వస్తుంది. ఇది ఏ ట్రైనింగ్‌లోనూ చెప్పరు.

కొత్త టీచర్లు వచ్చి నా పద్ధతి చూసిపోయేవారు. ఎక్కడ నేర్చుకున్నారు సార్ అంటే, “ఒక పిల్ల రాసింది దిద్దానే గానీ చదవలేదు, దానివల్ల ఒక నష్టం జరిగింది,” అని తల దించుకుని చెప్పేవాణ్ణి. తల దించుకోవడం వాళ్ళకు వినయంలా కనబడేది. పుస్తకం దాచిన సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు.

నా వీడ్కోలు రోజున ఒక కుర్ర టీచరు మైకులో అదే కథ చెప్పి, “చదవకుండా దిద్దినందుకే సారు ఇన్నేళ్ళు బాధపడ్డారు, అంత మంచి మనసు,” అంది. అందరూ చప్పట్లు కొట్టారు. ఇందాక చెంపదెబ్బ అన్నది దాని గురించే. ఇంటికెళ్ళి ట్రంకుపెట్టె అడుగు నుంచి ఆ నోటుబుక్కు తీశాను.

కాల్హేర్‌లో ఒక ఆదివారం

మా బావ ఏడాది కిందట పోయాడు. ఆయన ఉండగా నేను ఈ పని చేయలేదు. ఇది ధైర్యం అని ఎవరూ అనొద్దు.

రేణుక ఇప్పుడు భివండీ శివారు కాల్హేర్‌లో ఒక గోదాములో మాల్ లెక్క చూసే సూపర్‌వైజరు. తల్లిని తన దగ్గరే పెట్టుకుంది. గోదాముల వెనక చాళ్ళో, వరస ఇళ్ళలో, రెండు గదులు. ఆదివారం మధ్యాహ్నం వెతుక్కుంటూ వెళ్ళాను. గుమ్మంలో నన్ను చూసి రెండు క్షణాలు ఆగి, “సారూ! రాండ్రి, రాండ్రి,” అని కుర్చీ తుడిచింది. రాజవ్వ నులక మంచం మీద కూర్చుని ఎడమ చేత్తో చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. బొటనవేలు ఒక్కటే ఉన్న కుడిచేత్తో చాటను అదిమిపట్టింది. నేను అక్కణ్ణుంచి చూపు తిప్పుకున్నాను. మళ్ళీ తిప్పి చూశాను.

నోటుబుక్కు రేణుక చేతికిచ్చి, “ఇది ఇన్‌స్పెక్షన్‌కు పోలేదు బిడ్డా. ఆనాడు నా సంచీలనే ఉండె,” అన్నాను.

ఆమె పేజీ వెతికి, నాలుగు వాక్యాలూ తల్లికి తెలుగులో చెప్పింది. రాజవ్వ చెయ్యి ఆగిపోయింది.

“గట్లనే రాసినవా? నేను రోజూ జెప్పేదే గదనే,” అంది.

“గట్లనే రాసిన. సారు దిద్దిండ్రు.”

“నువ్వు రాసింది సదివిండా మరి సారు?”

రేణుక నా వైపు చూసింది. నా దగ్గర పాత జవాబు సిద్ధంగా ఉంది. దిద్దానే గానీ చదవలేదు. ఇన్నేళ్ళు అందరికీ చెప్పి చెప్పి నాకే నిజమనిపించిన మాట. ఇంతలో ఆమె పేజీని కిటికీ వెలుగుకు ఎత్తి పట్టుకుంది.

“ఇక్కడ ఏదో పెన్సిల్‌తోని రాసి చెరిపిండ్రు సార్. నాలుగో వాక్యం పక్కపొంటి. ఏం రాసిండ్రు?”

మీకు కూడా ఇప్పటిదాకా చెప్పలేదు. పుస్తకాలు దిద్దిన ఆ రోజు గాలా మీది గదిలో కూర్చుని నేను ఆ వాక్యం చదివాను. పెన్సిల్ తీసుకుని పక్కన ‘నిజమా?’ అని రాశాను. అప్పుడే కింది నుంచి బావ కేకేశాడు, “ఏంది బామ్మర్దీ, పొద్దంత పొల్లగాండ్ల పుస్తకాలేనా, చాయ్ సల్లారుతున్నది రా!” నేను నిజమా అని అడిగితే ఆ పిల్ల నిజమే అంటుంది. అన్నాక మెట్లు దిగి బావను అడగాలి. రబ్బరు తీసుకుని చెరిపేశాను. దాని మీద ఎర్ర సున్నా చుట్టాను. కిందికెళ్ళి చాయ్ తాగాను.

ఇదంతా వాళ్ళిద్దరికీ చెప్పాను.

“చదివిన రాజవ్వా. చదివే ఊకున్న.”

బయట లారీ ఒకటి వెనక్కి వస్తూ కూత పెడుతోంది. రేణుక మొహం ఎర్రబడింది. “గిన్నేండ్లు...” అని ఆపేసి గోడవైపు తిరిగింది. నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

రాజవ్వే అంది, “ఆనాడు అడుగకపోతివి. ఇప్పుడడుగు సారూ.”

నాకు మొదట అర్థం కాలేదు. తర్వాత అయింది.

“నిజమా రాజవ్వా?” అన్నాను.

“నిజమే. లైట్ లేకుండె. మగ్గం ఆగే ఉండె. హ్యాండిల్ దించలే, ఎవ్వలు దించకపోదురు. నేను సోయిల ఉండే పెట్టిన చెయ్యి.” చాటను పక్కకు జరిపింది. “రాయి గది. నీ సైన్ పెట్టు.”

రేణుక పెన్ను తెచ్చిచ్చింది, నా మొహం చూడకుండా. ఆ నాలుగు వాక్యాల కింద తెలుగులో రాశాను, ఆమె అన్నది అన్నట్టుగా. దాని కింద, ఇది నాకు ముందే తెలుసు, నోటుబుక్కు దాచింది నేనే అని రాశాను. సంతకం పెట్టాను, తేదీ వేశాను. పుస్తకం మూసి ఇవ్వబోతే రాజవ్వ వద్దంది. తలుపు బార్లా తెరవమని కూతురికి సైగ చేసింది. చాళ్ళో ఆదివారం కనుక ఆడవాళ్ళంతా గుమ్మాల్లోనే ఉన్నారు.

“గట్టిగ సదువు సారూ. గా చెయ్యి పెట్టినామె అన్న పేరు ఈడిదాంక వచ్చింది. పక్కింటోళ్ళకు ఇనవడాలె,” అంది.

లేచి గుమ్మంలో నిలబడి చదివాను.